ఎరెబస్ మంచు గుహలు: తొలిచింది నీరా, పగులా, వేడా?

అంటార్కిటికా అంచున ఉన్న రాస్ ద్వీపం మీద ఎరెబస్ అనే అగ్నిపర్వతం ఉంది. ఎత్తు 3,794 మీటర్లు. ఈ కొండ పాదాల దగ్గర, సముద్ర మట్టంలో ఒక రకం మంచు గుహలున్నాయి. నెత్తిన, 3,400 మీటర్ల చుట్టుపక్కల, ఇంకో రకం ఉన్నాయి. ఫొటోల్లో రెండూ అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. అదే నీలి వెలుగు, పైకప్పు నుంచి వేలాడే అవే మంచు స్ఫటికాలు. పుట్టుక చూస్తే మాత్రం ఏ చుట్టరికమూ లేదు. కిందవి మంచు విరగడం వల్ల ఏర్పడ్డాయి. పైవి నేల వేడికి మంచు అడుగు నుంచి కరగడం వల్ల ఏర్పడ్డాయి. కింద భయమంతా కాళ్ల కింది సముద్రం గురించి. పైన భయం కంటికి కనపడని గాలి గురించి.

‘మంచు గుహ’ అనే ఒక్క మాటలో ఇవన్నీ కలిపేయడం వల్లే చాలా పొరపాట్లు జరుగుతాయి. గుహను తొలిచింది ఏమిటన్నది మొదటి ప్రశ్న కావాలి. దానికి జవాబు తెలిస్తే పైకప్పు ఎన్నాళ్లు నిలుస్తుందో, లోపల ఏ గాలి ఉంటుందో, ఏ నెలలో అటువైపు వెళ్లకూడదో చాలావరకు తేలిపోతుంది.

నీరు తొలిచిన గుహల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. హిమానీనదం పైన కరిగిన నీరు పగుళ్లలోకి దిగి, లోపల కాలువలా పారి, మంచును కోసుకుంటూ పోతుంది. చలికాలంలో నీరు ఆగిపోతే ఖాళీ సొరంగం మిగులుతుంది. ఐస్‌లాండ్‌లో పర్యాటకులకు చూపించే గుహల్లో ఎక్కువ ఇవే. అమెరికా, యూరప్‌లలో ఉంటూ ఆ యాత్రకు వెళ్లే తెలుగువాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఇవి చలికాలపు గుహలు. సుమారుగా నవంబరు నుంచి మార్చి దాకా గోడలు గట్టిగా ఉంటాయి. వేసవిలో అవే గోడల్లోంచి నీరు పారుతుంది, పైకప్పు రోజురోజుకీ పలచబడుతుంది. 2024 ఆగస్టులో బ్రేదామెర్కుర్‌యోకుల్ హిమానీనదం దగ్గర మంచు కూలి ఒక పర్యాటకుడు చనిపోయాడు. ఆగస్టు అంటే అక్కడ కరిగే కాలమే.

రాస్ ద్వీపం దగ్గర అంత నీరు పారదు. అందుకే అక్కడ కథ మిగిలిన రెండింటిదీ.

పగులు చేసిన గుహ

ఎరెబస్ పడమటి వాలు నుంచి దిగే హిమానీనదం తీరం దగ్గర ఆగిపోదు. సముద్రం మీదికి పదకొండు, పన్నెండు కిలోమీటర్ల దాకా సన్నటి నాలుకలా చాచుకుని తేలుతూ ఉంటుంది. దాన్ని ఎరెబస్ గ్లేసియర్ టంగ్ అంటారు. రెండు అంచులూ రంపం పళ్లలా ఉంటాయి. ముందుకు జరిగే కొద్దీ మంచు సాగి పగుళ్లు పడుతుంది. గాలికి కొట్టుకొచ్చిన మంచు ఆ పగుళ్ల మీద వంతెనలా పేరుకుని కప్పు అవుతుంది. పక్క నుంచి దూరడానికి ఒక సందు దొరికితే అదే గుహ. 1990లో ఈ నాలుక కొసన సుమారు మూడున్నర కిలోమీటర్ల ముక్క విరిగి కొట్టుకుపోయింది. అంటే ఇక్కడ గుహ ఒక్కటే కాదు, గుహ ఉన్న నేల కూడా శాశ్వతం కాదు.

నీలం రంగు ఎందుకో ఇక్కడ బాగా అర్థమవుతుంది. మంచు ఎర్ర కాంతిని కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది, నీలాన్ని చాలా తక్కువ పీల్చుకుంటుంది. చెంచాడు మంచులో ఈ తేడా తెలియదు. కొన్ని మీటర్ల మందం దాటి వచ్చేసరికి ఎరుపు దాదాపు మిగలదు. కొత్తగా పడిన మంచులో గాలి ఎక్కువ, వెలుగు లోతుకు పోకముందే చెదిరి వెనక్కి వచ్చేస్తుంది, అందుకే తెలుపు. బరువుకు నలిగి గాలి పోయిన పాత మంచులో వెలుగు ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది, అందుకే నీలం. గోడ ఎంత ముదురు నీలంగా ఉంటే వెలుగు అంత మందం దాటి వచ్చిందన్నమాట. ఒక గుహలోనే లేత నీలంగా, మిలమిలలాడుతూ కనిపించే కప్పు కింద నిలబడకపోవడం మంచిది. అక్కడే కప్పు పలచన.

ఈ గుహకు దారి గడ్డకట్టిన సముద్రం మీదుగా. అసలు ప్రమాదం గుహలో కంటే ఆ దారిలో ఎక్కువ. బరువైన బండి వెళ్లాలంటే సముద్రపు మంచు కనీసం 30 అంగుళాలు, అంటే 76 సెంటీమీటర్లు ఉండాలన్నది అక్కడ వాడుకలో ఉన్న కొలత. మంచు ఎంత మందమో చూసి చెప్పలేం, బర్మా పెట్టి తొలిచి కొలవాల్సిందే. పగులు కనిపిస్తే దాని మధ్యలో ఒక్కచోట తొలిస్తే చాలదు. పగులుకు అడ్డంగా వరసగా రంధ్రాలు వేసి, మంచు పలచగా ఉన్న భాగం ఎంత వెడల్పో తేల్చాలి. ఆ వెడల్పు బండి గొలుసు చక్రం నేలను తాకే పొడవులో మూడో వంతు దాటితే వెనక్కి తిరగాలి. పైన మంచు పరుచుకుని చదునుగా కనిపించే పగులే మనుషులను ఎక్కువగా మోసగిస్తుంది. హిమానీనదం అంచున ఆటుపోట్లకు సముద్రపు మంచు రోజూ పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి, నిన్న కొలిచిన పగులును ఇవాళ మళ్లీ కొలవాలి. వేసవి ముదిరి డిసెంబరు వచ్చేసరికి ఈ దారి మూతపడుతుంది.

కొండ లోపలి వేడి

ఇక పైకి. 1841 జనవరిలో బ్రిటిష్ నావికుడు జేమ్స్ క్లార్క్ రాస్ ఈ ద్వీపాన్ని చూసేసరికే కొండ నిప్పులు కక్కుతోంది. తన రెండు ఓడల పేర్లే రెండు కొండలకు పెట్టాడు: ఎరెబస్, టెర్రర్. ఆ ఓడలు రెండూ తర్వాత ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఫ్రాంక్లిన్ యాత్రలో గల్లంతయ్యాయి. శిథిలాలు 2014లో ఒకటి, 2016లో ఒకటి దొరికాయి. గ్రీకు పురాణాల్లో ఎరెబస్ అంటే చీకటి. పైన ఉన్న గుహల లోపలి భాగాలకు ఆ పేరు అచ్చంగా సరిపోతుంది.

ఎరెబస్ శిఖరాన ఉన్న ప్రధాన బిలం వెడల్పు అటూ ఇటూగా 600 మీటర్లు. దాని లోపల ఇంకో చిన్న బిలం, దాని అడుగున కరిగిన రాతి సరస్సు. కనీసం 1972 నుంచి ఆ సరస్సు దాదాపుగా ఎప్పుడూ ఉంటూనే ఉంది. ప్రపంచంలో ఇలా ఏళ్ల తరబడి నిలిచే లావా సరస్సులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. చుట్టూ మైనస్ 30 డిగ్రీల చలిలో 1,000 డిగ్రీల రాయి గడ్డకట్టకుండా ఎలా ఉంటుందన్నది న్యాయమైన సందేహం. సరస్సు ఒక గిన్నెలో పోసిన ద్రవం కాదు. కింద కిలోమీటర్ల లోతు దాకా దిగిన గొట్టానికి పై మూత లాంటిది. వాయువు నిండిన వేడి శిలాద్రవం తేలికగా ఉండి పైకి వస్తుంది, వాయువు వదిలేసి చల్లబడి బరువెక్కి అదే గొట్టంలో కిందికి దిగుతుంది. కాగుతున్న పప్పులో మధ్యలో పొంగి పక్కల నుంచి దిగినట్టు. ఈ రాకపోకల్లో కొన్ని నిమిషాలకోసారి లయ ఉందని, ఒక్కో విడత సుమారు పది నిమిషాలని సరస్సు మట్టాన్ని, పైకొచ్చే వాయువులను కొలిచినవాళ్లు గుర్తించారు. రాకపోకలు ఆగిన రోజు సరస్సు రాయైపోతుంది.

ఇక్కడి లావా పేరు ఫోనోలైట్. ‘మోగే రాయి’ అని దాని అర్థం, పలకను కొడితే గంటలా మోగుతుంది. సోడియం, పొటాషియం ఎక్కువ. ఇందులో అనార్థోక్లేజ్ అనే ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు నిదానంగా పెరిగి పది సెంటీమీటర్ల పొడవు దాకా వస్తాయి. బిలం నుంచి ఎగిరిపడి గట్టిపడిన లావా ముద్దల్లో (వీటినే లావా బాంబులంటారు) గాజులాంటి పైపొర గాలికి, ఆమ్లానికి అరిగి రాలిపోతే ఈ స్ఫటికాలు విడిగా బయటపడతాయి. బిలం అంచున కొన్నిచోట్ల నేల కంకర పోసినట్టు వీటితోనే నిండి ఉంటుంది. వేలెడు పొడవు, పలకల ముఖాలు, బూడిద రంగు. గ్రానైట్ బండలో ఇలాంటి స్ఫటికం రాతిలో ఇరుక్కుని ఉంటుంది. ఎరెబస్ మీద వంగి ఏరుకోవచ్చు.

ఈ కొండ వదిలే వాయువులో అతి సన్నని బంగారు రేణువులు ఉన్నాయని 1991లో ప్రచురితమైంది. రోజుకు 80 గ్రాముల దాకా ఉంటుందని అంచనా. వార్తల్లో అప్పుడప్పుడు ఇదే పెద్ద విషయంగా తిరుగుతుంటుంది. ఆ రేణువులు మైక్రాన్ల పరిమాణంలో, వందల కిలోమీటర్ల గాలిలో చెదిరి ఉంటాయి. వాటిని పోగు చేసే దారే లేదు. అదే పొగలో ఉండే హైడ్రోజన్ ఫ్లోరైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ సంగతి అంతకంటే ముఖ్యం. బిలం అంచున పెట్టిన పరికరాల లోహాన్నీ కటకాలనూ ఈ ఆమ్ల వాయువులే తినేస్తాయి.

సరస్సులోకి పెద్ద వాయు బుడగ వచ్చి పగిలితే లావా ముద్దలు ఎగిరిపడతాయి. మామూలు రోజుల్లో అవి బిలం లోపలే పడతాయి. 1984లో పేలుళ్లు ఉధృతమైనప్పుడు అంచు దాటి చాలా దూరం పడ్డాయి. అంచున పనిచేసేవారికి నేర్పే మొదటి పాఠం, చప్పుడు వినగానే వెనక్కి తిరిగి పరుగెత్తకూడదని. బిలం వైపే నిలబడి తలెత్తి చూడాలి. ఏ ముద్ద ఎటు వస్తోందో కనిపెట్టి, చివరి క్షణంలో పక్కకు జరగాలి. పరుగెత్తేవాడికి వీపు మీద ఏం పడబోతోందో కనపడదు.

ఎక్కడంలో వచ్చే చిక్కులు

1908 మార్చిలో బ్రిటిష్ అన్వేషకుడు షాకల్టన్ యాత్ర సభ్యులు ఆరుగురు తొలిసారి ఈ కొండ ఎక్కారు. వారిలో ఫిలిప్ బ్రోకిల్‌హర్స్ట్ కాలి వేళ్లు చలికి గడ్డకట్టడంతో ఆయన పై శిబిరంలోనే ఆగిపోయాడు. ఎడ్జ్‌వర్త్ డేవిడ్, డగ్లస్ మాసన్ సహా మిగిలిన ఐదుగురు మార్చి 10న శిఖరం చేరారు. బ్రోకిల్‌హర్స్ట్ బొటనవేలు ఒకటి తర్వాత తీసేయాల్సి వచ్చింది. దారిలో ఆవిరి గడ్డకట్టి లేచిన వింత మంచు దిబ్బలను వాళ్లు చూసి రాసుకున్నారు. ఆ దిబ్బలే ఇవాళ గుహలకు గుర్తులు.

ఇప్పుడు పరిశోధకులు హెలికాప్టర్లో వెళ్తారు, దానివల్ల ఇంకో చిక్కు వచ్చింది. సముద్ర మట్టం నుంచి గంటలోపే మూడు వేల మీటర్ల పైకి చేరితే ఒంటికి అలవాటు పడే సమయం ఉండదు. పైగా ధ్రువాల దగ్గర గాలి ఇంకా పలచన. చల్లటి గాలి దగ్గరకు నొక్కుకుని నేలను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఎత్తుకు వెళ్లేకొద్దీ పీడనం తొందరగా పడిపోతుంది. హిమాలయాల్లో అంతే ఎత్తున ఉన్నదానికంటే ఎరెబస్ మీద ఊపిరికి అందే ఆక్సిజన్ తక్కువ. అందుకే శిఖరం దగ్గరి గుడిసెకు నేరుగా పంపరు. ముందు 3,000 మీటర్ల దగ్గర ఫాంగ్ అనే చోట శిబిరంలో రెండు రాత్రుళ్లు పడుకోబెట్టి, తలనొప్పి, వాంతులు లేవని తేలాకే పైకి పంపడం ఆనవాయితీ.

ఇంకో ప్రమాదం వెలుతురుది. మబ్బు కమ్మి, కింద అంతా మంచు అయితే వెలుగు అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తుంది. నీడలుండవు. నీడ లేనిదే వాలు ఉందో లేదో కన్ను చెప్పలేదు. గాలి నిర్మలంగా ఉండి, దూరంగా నల్లటి రాళ్లు స్పష్టంగా కనిపిస్తున్నా ఎదురుగా ఉన్న తెల్లటి కొండ మాత్రం చదునైన మంచు మైదానంలా, ఆకాశంలో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. 1979 నవంబరు 28న ఎయిర్ న్యూజీలాండ్ 901 విమానం ఎరెబస్ దిగువ వాలును ఢీకొని 257 మంది చనిపోవడంలో ఈ కంటి మోసానికి పెద్ద పాత్ర ఉంది. విమానం కంప్యూటర్లోని మార్గపు అక్షాంశ రేఖాంశాలు మారిన సంగతి పైలట్లకు చెప్పలేదు. వాళ్లు మెక్‌మర్డో జలసంధి మీద ఉన్నామనుకున్నారు, ఎదుట కొండ ఉంది. నడిచేవారికీ ఇదే నియమం వర్తిస్తుంది. నీడలు పోయాయంటే ఎక్కడివాళ్లు అక్కడ ఆగాలి. తెలిసిన దారైనా సరే.

ఆకాశం తేటగా ఉన్న రోజున శిఖరం మీద నుంచి పడమటి దిక్కున ట్రాన్స్‌అంటార్కిటిక్ పర్వతాలు బారులు తీరి కనిపిస్తాయి. ఖండాన్ని అడ్డంగా చీలుస్తూ సుమారు 3,500 కిలోమీటర్లు సాగే శ్రేణి. హిమాలయాల్లా రెండు భూఫలకాలు గుద్దుకుని లేచినవి కావు. పక్కనే భూమి సాగి, పలచబడి, కుంగిపోతుంటే దాని గట్టులా పైకి లేచినవి. ఆ సాగిన పలచటి చోటులోనే ఎరెబస్ కింది శిలాద్రవానికి దారి దొరికింది. ఈ పర్వతాల రాతి పొరల్లో బొగ్గు ఉంది, గ్లోసోప్టెరిస్ అనే అంతరించిన చెట్ల ఆకు ముద్రలున్నాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ దారిలో ప్రాణాలు విడిచిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం సుమారు 16 కిలోల రాళ్లను చివరిదాకా లాక్కొచ్చింది. వాటిలో ఈ ఆకు శిలాజాలున్నాయి. సింగరేణి బొగ్గు పొరల్లో కనిపించేదీ ఇదే గ్లోసోప్టెరిస్. కొత్తగూడెం, ఈ పర్వతాల్లోని బెర్డ్‌మోర్ హిమానీనదం ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే ఖండంలో ఉండేవనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం తెలుగు నేల మీద దొరకదు. తూర్పు కనుమల రాళ్లకూ తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతపు రాళ్లకూ కూడా ఇలాగే జత కుదురుతుంది. అయితే భారత స్థావరాలైన మైత్రి, భారతి ఆ పాత, చల్లారిన వైపున ఉన్నాయి. ఎరెబస్ లాంటి వేడి అటు లేదు.

ఆవిరి కట్టిన గోపురాలు

ఎరెబస్ పై వాలుల్లో నేల చాలాచోట్ల గోరువెచ్చగా ఉంటుంది. ట్రామ్‌వే రిడ్జ్ అనే చోట మట్టి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. రాతి పగుళ్ల నుంచి వచ్చేదాన్ని విషవాయువుల గుట్టగా ఊహించుకోనక్కర్లేదు. అందులో అధిక భాగం మామూలు గాలే, దానికి నీటి ఆవిరి, కొంత కార్బన్ డయాక్సైడ్ తోడు. ఈ వెచ్చటి తేమ గాలి మంచు అడుగున దూరి గుహను తొలుస్తుంది.

ఇంత కొద్ది వేడి అంత మంచును ఎలా కరిగిస్తుంది? పని చేసేది గాలి వేడి కంటే ఆవిరిలో దాగిన వేడి. 0 డిగ్రీల దగ్గర కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. కిలో ఆవిరి నీరుగా మారితే సుమారు 2,500 కిలోజౌళ్లు విడుదలవుతాయి. అంటే ఒక కిలో ఆవిరి ఏడు కిలోలకు పైగా మంచును కరిగించగలదు. మంచు ముందుగా మైనస్ 30లో ఉంటే దాన్ని 0కి తేవడానికే కిలోకు 60 కిలోజౌళ్లకు పైగా పోతాయి, అయినా ఆరు కిలోలు కరుగుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు తగిలే ఆవిరి, మరిగే నీటి కంటే ఎక్కువగా చెయ్యి కాల్చేది ఇందువల్లే.

పైకప్పు మందం రెండింటి మధ్య బేరంలా నిలుస్తుంది. పైన కొత్త మంచు పడుతుంది, కింద కరుగుతుంది. రంధ్రం నుంచి వేడి పెరిగితే కప్పు పలచబడి ఒకచోట తూటు పడుతుంది. వేడి తగ్గితే మంచు బరువుకు గుహ మెల్లగా నొక్కుకుపోయి మూసుకుంటుంది. అందుకే కిందటి ఏడాది నడిచిన గది ఈ ఏడాది పాకితే గానీ పట్టదు, లేదా అసలు ఉండదు.

తూటు పడిన చోట అసలైన వింత మొదలవుతుంది. 0 డిగ్రీల దగ్గర తేమతో నిండిన గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 4.8 గ్రాముల ఆవిరి ఉంటుంది. అదే గాలి మైనస్ 30కి చల్లబడితే సుమారు 0.3 గ్రాములే పట్టుకోగలదు. మిగిలిన నాలుగున్నర గ్రాములు బయటికొచ్చిన వెంటనే మంచుగా మారాలి. అందులో కొంత గాలిలో కొట్టుకుపోతుంది, కొంత తూటు అంచులకే అతుక్కుంటుంది. నెలల తరబడి ఘనపు మీటరు వెంట ఘనపు మీటరు గాలి ఇలా గీసుకుంటూ పోతే అంచు పెరిగి పెరిగి గోపురమవుతుంది. లోపల బోలు, నెత్తిన పొగగొట్టం. పది మీటర్ల ఎత్తువి కూడా ఉన్నాయి. గాలి ఎక్కువగా వీచే వైపు వంగి, ఒక్కొక్కటి ఒక్కో ఆకారంలో నిలబడతాయి. కొత్త గోపురం లేస్తే కింద వేడి దారి మార్చుకుందని అర్థం. పొగ ఆగిపోయిన గోపురం అంటే కింది గుహ మూసుకుంటోందని అర్థం. వేడిని చూపించే కెమెరా లేకపోయినా ఈ గోపురాల వరసే కొండ వేడికి పటం.

లోపల గోడల మీద స్ఫటికాలు ఫ్రీజర్లో పేరుకునే మంచుకు దూరపు బంధువులు, కానీ వాటి కంటే ఎంతో పెద్దవి. వెచ్చటి తేమ నిదానంగా, అంతరాయం లేకుండా అందుతుంటే స్ఫటికం తొందరపడకుండా పెరుగుతుంది. ఆరు మూలల పలకలు, అంచులు గీసినట్టు, కొన్ని అరచేతి వెడల్పు. దగ్గరకెళ్లి చూస్తూ ఊపిరి వదిలితే చాలు, అంచు గుండ్రబడిపోతుంది. అది మళ్లీ పెరగడానికి ఎన్ని వారాలు పట్టినా, పాడు చేయడానికి ఒక్క నిట్టూర్పు సరిపోతుంది. అందుకే వరసగా నడిచేవారిలో ముందున్నవాళ్లు తలొంచుకుని, ముక్కూ నోరూ కప్పుకుని వెళ్లాలి.

లోపలికి దిగడం

కొన్ని గుహలకు పక్క నుంచి దారి ఉంటుంది, కొన్నింటికి గోపురం నెత్తి నుంచే. పై నుంచి దిగాల్సి వస్తే మొదటి తప్పు తాడును గోపురానికే కట్టడం. గోపురం గోడ గట్టి మంచు కాదు, పొడిమంచు అతుక్కున్న పెంకు. లంగరు దూరంగా, గట్టి మంచులోనో రాతికో ఉండాలి. గట్టి మంచు దొరక్కపోతే కర్ర లాంటిదాన్ని అడ్డంగా లోతుగా పూడ్చి, మంచు తొక్కి గట్టిపడనిచ్చి, దానికి కట్టాలి. అలాంటివి రెండు, బరువు రెండింటి మీదా సమానంగా పడేలా. తాడు అంచును కోసుకుంటూ లోపలికి దిగకుండా అంచు కింద గట్టి మెత్త వేయాలి. ఇది మరిచిపోతే దిగేటప్పుడు తెలియదు. ఎక్కేటప్పుడు తాడు మంచు పెదవిలో పాతుకుపోయి, మనిషి దాని కింద ఇరుక్కుంటాడు.

తడి అసలు శత్రువు. చాలా గుహల లోపల 0 డిగ్రీల దగ్గర, తేమ నిండుగా. బయట మైనస్ 30. లోపల గంట ఉంటే చేతి తొడుగులు, తాడు, బట్టలు తడుస్తాయి. బయటికి రాగానే అవే బిగుసుకుపోతాయి. గడ్డకట్టిన తాడు దిగే పరికరంలో జారదు, ఎక్కడానికి వాడే జూమర్ పళ్లలో మంచు నిండి పట్టు జారుతుంది. కాబట్టి పళ్లను బ్రష్షుతో దులిపి, బరువు పూర్తిగా వేయకముందే ఒకసారి లాగి చూడాలి. పొడి తొడుగుల జత ఒకటి సంచిలో కట్టి ఉంచుకుని బయటికి వచ్చే ముందే మార్చుకోవాలి. బయటికొచ్చాక మార్చుకుందామంటే వేళ్లు ఒప్పుకోవు. కెమెరాది ఇదే బాధ తలకిందులుగా. మైనస్ 30లో ఉన్నదాన్ని తేమ గుహలోకి తెచ్చి వెంటనే తీస్తే కటకం మీద ఒక్క క్షణంలో మంచు పొర కడుతుంది. తుడిస్తే గీతలు పడతాయి. గాలి చొరని సంచిలోనే పెట్టి, గుహ వేడికి అలవాటు పడ్డాక తీయాలి. కింద నేల రాయి, మట్టి కాబట్టి మంచు మీద జారకుండా బూట్ల కింద కట్టుకునే ఇనుప పళ్లను, అంటే క్రాంపాన్లను, దిగాక విప్పేయాలి. అక్కడి మట్టి పొర మీద అవి చేసే గాయం మానదు.

కార్బన్ డయాక్సైడ్ సంగతి విడిగా చెప్పుకోవాలి. అది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, పల్లాల్లో చేరుతుంది. ఎనిమిది గంటల పనికి సాధారణంగా అనుమతించే మోతాదు అర శాతం. నాలుగు శాతాన్ని ప్రాణాపాయంగా లెక్కిస్తారు. ఎరెబస్ గుహల్లో కొన్ని రంధ్రాల దగ్గర ఇది శాతాల్లోనే కొలతకొచ్చింది. ఈ వాయువు ఎక్కువైతే తలనొప్పి, ఆయాసం, మగత వస్తాయి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు లక్షణాలు కూడా సరిగ్గా అవే. 3,400 మీటర్ల పైన ప్రతివాళ్లకూ కాస్త ఆయాసం ఉండనే ఉంటుంది కాబట్టి, ‘ఎత్తు పడలేదులే’ అనుకుని వాయువున్న గుంటలోనే కూర్చుండిపోయే ప్రమాదముంది. ఒంటిని నమ్మకూడదు, మీటరును నమ్మాలి. ఆ మీటరు ఛాతీ మీద కాకుండా మోకాలి ఎత్తున, ముందు నడిచేవాళ్ల దగ్గర ఉండాలి. కూర్చోవాలన్నా, వంగి నమూనా తీయాలన్నా ముందు మీటరును కిందికి దించి చూడాలి. బయట గాలి పీడనం మారినప్పుడు గుహ పీల్చే, వదిలే తీరూ మారుతుంది. కాబట్టి పొద్దున తీసిన కొలత మధ్యాహ్నానికి పనికిరాదు.

వారెన్ కేవ్ అనే గుహలో పరిశోధకులు ఫైబర్ ఆప్టిక్ తీగను నేలంతా పరిచి, తీగ పొడవునా ఉష్ణోగ్రత కొలిచారు. వేడి నేలంతా సమానంగా రావట్లేదని, కొన్ని చిన్న చోట్ల నుంచే ఎక్కువగా వస్తోందని తేలింది. పెద్ద గుహలను కూడా పిడికెడు రంధ్రాలే మోస్తున్నాయన్నమాట. అలాంటి రంధ్రం మీద తెలియక అడుగేసి మట్టితో పూడ్చేస్తే ఆ గదికి వేడి తగ్గుతుంది.

చీకట్లో బతికేవి

కప్పు పలచన ఉన్న గదుల్లోకి వెలుగు వస్తుంది, లోపలి గదులు పూర్తి చీకటి. వారెన్ కేవ్ చీకటి మట్టిలో బాక్టీరియా ఉందని, మొక్కల కుళ్లు, పక్షుల రెట్ట లాంటి ఆహారం దాదాపు లేకుండానే అది నిలబడుతోందని 2015లో ప్రచురితమైంది. రాతి నుంచి, వాయువుల నుంచి దొరికే రసాయన శక్తే ఆధారమన్నది ప్రధానమైన ఆలోచన. ఈ గుహలు జీవశాస్త్రజ్ఞులకు అంత విలువైనవి కావడానికి కారణం ఇదే. భూమి మీద చీకటి గుహలు చాలానే ఉన్నా, పై నుంచి చెట్ల వేళ్లో, గబ్బిలాలో, వాన నీటితో కొట్టుకొచ్చిన మట్టో ఏదో ఒకటి అందుతూనే ఉంటుంది. ఇక్కడ అవేవీ లేవు.

అందుకే మనిషి చెప్పు ఇక్కడ పెద్ద సమస్య. బూటు అడుగున అంటిన చిటికెడు మట్టిలో ఉండే సూక్ష్మజీవులు ఆ గుహ మట్టిలోని వాటిని సంఖ్యలో మించిపోవచ్చు. రాస్ సముద్ర ప్రాంతంలోని ఇలాంటి ఎత్తైన వేడి నేలలను, అంటే ట్రామ్‌వే రిడ్జ్, మెల్బోర్న్ కొండ శిఖరం, రిట్‌మన్ కొండలను కలిపి, 2014లో అంటార్కిటిక్ ఒప్పందం కింద 175వ నంబరు ప్రత్యేక రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు. లోపలికి వెళ్లేవాళ్లు సూక్ష్మజీవులు లేకుండా శుభ్రం చేసిన పై దుస్తులు, తొడుగులు వేసుకోవాలి, పరికరాలను ముందే శుద్ధి చేయాలి.

2017లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ ఆధ్వర్యంలోని బృందం ఎరెబస్ గుహల మట్టిలోని డీఎన్ఏ పరీక్షించింది. కొన్ని గుహల్లో గాలి వేడి 25 డిగ్రీల దాకా ఉంటుందని, టీ షర్టుతో తిరగొచ్చని అప్పుడు వార్తలొచ్చాయి. నాచు, శైవలాలు, కంటికి కనపడనంత చిన్న జంతువుల డీఎన్ఏ దొరికింది. ఎక్కువ భాగం అంటార్కిటికాలో ఇతర చోట్ల బయట బతికే జీవులతో సరిపోలింది. కొన్ని వరసలు మాత్రం తెలిసిన ఏ జీవితోనూ పూర్తిగా కలవలేదు. మట్టిలో డీఎన్ఏ ఉన్నంత మాత్రాన జీవి అక్కడ బతుకుతోందని కాదు. గాలికి కొట్టుకొచ్చి పడిన చచ్చిన రేణువైనా కావచ్చు, చలిలో డీఎన్ఏ చాలాకాలం చెడదు. తేల్చాలంటే ఆ మట్టిలో కదిలే ప్రాణిని సూక్ష్మదర్శిని కింద చూడాలి. అది కూడా కప్పు కూలకముందే, ఎవరి బూటు మట్టీ అందులో కలవకముందే.